రాయి మీద అమ్మ పేరు

మా అమ్మ పేరు ఆమె బతికుండగానే సమాధి రాయి మీదకెక్కింది. నాన్నగారు పోయినప్పుడు అన్నయ్య జొన్నాడలో హైవే పక్కనున్న గ్రానైటు కొట్లో నల్లరాయి చేయించాడు. ఎడమవైపు నాన్నగారి పేరు, పుట్టిన తేదీ, ప్రభువునందు నిద్రించిన తేదీ. కుడివైపు అమ్మ పేరు, పుట్టిన తేదీ, చిన్న గీత, గీత పక్కన ఖాళీ. రెండు పేర్లూ ఒకే చేత్తో చెక్కిస్తేనే అక్షరాలు కలుస్తాయని అన్నయ్య వాదన. బిడ్డ పుట్టకముందే కుల్లా కుట్టించేవాళ్ళ గురించి అందరికీ తెలుసు. మనిషి పోకముందే రాయి చెక్కించేవాళ్ళను చూడాలంటే మా ఊరు రావాలి. ఏటిగట్టు కింద మా సమాధుల తోటలో అలాంటి గీతలు చాలా ఉన్నాయి. వాటి సొంతదారులు ఆదివారం చర్చిలో మన పక్కనే కూర్చుని పాటలు పాడుతుంటారు.

అమ్మ ఆ రాయిని చూసి ఏమీ నొచ్చుకోలేదు. కళ్ళజోడు సర్దుకుని, "అక్షరాలు గుండ్రంగా వచ్చేయి నాన్నా" అంది. జీవితమంతా మిషన్ బడిలో ఒకటో తరగతికి దిద్దబెట్టి, అక్కడే పెద్ద టీచరుగా రిటైరైన మనిషి. ఎవరేది రాసినా ముందు చూసేది గుండ్రమే.

ఆమె భయమంతా వేరే. నాన్నగారు పోయేముందు ఆస్పత్రిలో ఆయన ముక్కులో ఒక గొట్టం, నోట్లో ఒక గొట్టం. ఆయన ఏదో చెప్పబోయి చెప్పలేక పోయారు. ఆ మాట ఏమిటా అని అమ్మ చాలాకాలం వెతుక్కుంది. కొన్నేళ్ళకు తనకే మతిమరుపు జబ్బు మొదలైందని రాజమండ్రి డాక్టరు చెప్పినప్పుడు, ఆయనొక మంచి మాట కూడా చెప్పాడు. ముందు ముందు ఏం చేయాలో, ఏం చేయకూడదో పెద్దావిడకు తెలుస్తుండగానే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి అన్నాడు.

అమ్మ ఆ మాటను పాఠంలా పట్టుకుంది. ఆ ఆదివారం చర్చి అయ్యాక మమ్మల్ని ముగ్గురినీ భోజనానికి కూర్చోబెట్టింది. రాజమండ్రిలో బ్యాంకు ఆఫీసరుగా ఉన్న అన్నయ్య, అమలాపురంలో కాపురముంటున్న చెల్లి, అమ్మతో ఉంటున్న నేను. నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. పెళ్ళి చేసుకోలేదు కనుక అమ్మ నా వాటాకొచ్చింది.

"నేను మిమ్మల్ని మర్చిపోతాను, సరే. మింగడం కూడా మర్చిపోతానంట. అప్పుడు నాకు మీ నాన్నగారికి పెట్టినట్టు గొట్టం పెట్టించకండి. నా మంచం మీద నన్నుండనివ్వండి. పెదాలు తడిపితే చాలు" అంది అమ్మ.

అన్నయ్య పళ్ళెం పక్కకు జరిపాడు. "అన్నం దగ్గర అలాంటి మాటలేంటమ్మా. నోట్లోంచి రాకూడదవి. దేవుడున్నాడు."

అమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. చెల్లి ఏడ్చింది. చివరికి అమ్మే చెల్లి వీపు నిమిరి ఊరుకోబెట్టాల్సి వచ్చింది. కోడిపులుసు చల్లారిపోతోందని ఎవరో అన్నారు. రాయి చెక్కించిన చేతులతోనే అన్నయ్య చెవులు మూసుకున్నాడు. చావుకి కావలసినవన్నీ మా ఇంట్లో సిద్ధంగా ఉన్నాయి. చావబోయే మనిషి మాట వినడానికే ఎవరికీ తీరిక లేకపోయింది.

మతిమరుపు అన్నిటినీ ఒకేసారి తీసుకుపోదు. అమ్మ దగ్గర చివరిదాకా రెండు మిగిలాయి. ఒకటి చదవడం. రావులపాలెం తీసుకెళ్తే అరటిగెలల లారీల వెనక రాతలు, కొట్ల బోర్డులు, గోడల మీద ప్రకటనలు అన్నీ పైకి చదివేది. రెండోది మర్యాద. నేనెవరో తెలియడం మానేశాక నాకు కూడా 'అండీ' వచ్చింది. "కాసిన్ని మంచినీళ్ళిస్తారాండీ" అని అడిగేది. నీళ్ళు తాగి గ్లాసు చేతికిస్తూ, "మీకు పిల్లలెంతమందండీ" అనేది. లేరండీ అంటే, "అయ్యో" అని జాలిపడేది. రోజూ అడిగేది, రోజూ జాలిపడేది. కన్నతల్లి జాలిని అన్నిసార్లు భరించడం కష్టం. కొన్నిసార్లు విసుగొచ్చి నలుగురున్నారని చెప్పేదాన్ని.

నవంబరులో సమాధుల పండగ వచ్చింది. ఆ రోజు మా వాళ్ళు సమాధులకు సున్నం వేసి, పూలదండలు పెట్టి, పొద్దువాలే వేళకు కొవ్వొత్తులు వెలిగిస్తారు. అమ్మను తీసుకురావద్దని నేనన్నాను. పెద్ద టీచరుగారు కనబడకపోతే నలుగురూ అడుగుతారని అన్నయ్య అన్నాడు. మా అన్నయ్యకు దేవుడి తర్వాత ఆ నలుగురే. ఒక్కోసారి వరస మారుతుంది కూడా.

అన్నయ్య పద్ధతిగల మనిషి. రాయికి రెండువైపులా సమానంగా ఉండాలని నాన్నగారి పేరు మీద ఒక దండ, అమ్మ పేరు మీద ఒక దండ వేశాడు. కొవ్వొత్తులు కూడా అటూ ఇటూ సరిసమానంగా వెలిగించాడు. అమ్మ నా చెయ్యి పట్టుకుని నిలబడి, అలవాటుగా పైకి చదవడం మొదలుపెట్టింది. నాన్నగారి పేరు చదివింది. తర్వాత తన పేరు, ఇంటిపేరుతో సహా, బళ్ళో హాజరు పిలిచినట్టు స్పష్టంగా చదివింది. గీత దగ్గర ఆగింది.

"ఈవిడ నేనేనాండీ?" అని నన్నడిగింది.

"అవునమ్మా."

"నేనెప్పుడు పోయేనండీ?"

"నువ్వు పోలేదమ్మా, ఇక్కడే ఉన్నావు కదా" అన్నాడు అన్నయ్య.

"మరి రాయి వేసేరు కదండీ. దండేసేరు." అమ్మ కొవ్వొత్తుల వైపు చూసింది. "నాకెవరూ చెప్పలేదేమండీ?"

చెల్లి ఏదో పాట ఎత్తుకుంది, మేం అందుకున్నాం. అమ్మ కూడా అందుకుంది. తన సమాధి దగ్గర తానే రాగం తప్పకుండా పాడింది.

మర్నాడు ఇడ్లీ పెడితే పళ్ళెం మెల్లగా వెనక్కి నెట్టింది. "మనవాళ్ళల్లో పోయినోళ్ళకి పెట్టరు కదండీ" అంది. నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. మా వాళ్ళు పిండాలు పెట్టరు, తద్దినాలు పెట్టరు. పోయినవాళ్ళకు తిండి పెట్టడం తప్పని మా తాతల కాలం నుంచీ చర్చిలో చెబుతున్నారు, బళ్ళో పిల్లలకు అమ్మే చెప్పేది. కూతురిని మరిచిపోయింది గానీ సిద్ధాంతం మరిచిపోలేదు. ఆ పూట మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఈ నమ్మకం రెండ్రోజుల్లో పోయేదేమో. మా ఊరి మర్యాద దాన్ని పోనివ్వలేదు. ఒకప్పుడు అమ్మ దగ్గర చదువుకుని ఇప్పుడు స్త్రీల సమాజంలో పెద్దగా ఉన్న ఒకావిడ చూడ్డానికి వచ్చింది. పళ్ళు తెచ్చింది, ప్రార్థన చేసింది. అమ్మ ఆమెను కూర్చోమని చెప్పి, ఎంతో నెమ్మదిగా అడిగింది.

"నా భూస్థాపనకి మీరొచ్చేరాండీ?"

ఆవిడ నా మొహం చూసింది, అమ్మ మొహం చూసింది. "ఆయ్, వచ్చేనండి టీచరుగారూ" అంది.

"జనం వచ్చేరాండీ?"

"చర్చి నిండిపోయిందండి. బయట కూడా నిలబడ్డారండి."

"వాక్యం ఎవరు చెప్పేరండీ?"

"పాస్టరు అయ్యగారేనండి. చాలా బాగా చెప్పేరండి. అందరం ఏడ్చేమండి."

అమ్మ మొహం వెలిగింది. ఆమె అంత సంతోషంగా ఉండడం నేను చూసి చాలా కాలమైంది. గేటు దాకా సాగనంపుతూ ఆవిడను అడిగాను, అలా ఎందుకన్నారండీ అని. "పెద్దావిడ మాట ఎలా కాదంటానండీ" అంది ఆవిడ, నేనేదో తప్పుగా అడిగినట్టు. మా వైపు ఇంతే. పెద్దవాళ్ళు పగటిపూట చీకటి పడిందంటే, ఆయ్ అని లైటు వేస్తాం. తర్వాత వచ్చినవాళ్ళు కూడా తలో మాటా కలిపి అమ్మ భూస్థాపనను ఘనంగా జరిపించారు.

నేను సైన్సు టీచర్ని. నిజం చెప్పి ఒప్పించాలని చూశాను, నాడి పట్టుకుని చూపించాను. "అది మీదండీ" అంది. ఇక అబద్ధమే దారి. ఒక ఉదయం రవ్వ ఉప్మా గిన్నెలో పెట్టి, ఇది పరలోకపు మన్నా అండీ, దేవుడు ఆకాశం నుంచి కురిపించే ఆహారం అని చెప్పాను. అమ్మ వంగి చూసింది. రవ్వ తెల్లగా, పలుకు పలుకుగా ఉంది. వాక్యంలో చెప్పినట్టే ఉందనుకుంది కాబోలు, కళ్ళు మూసుకుని స్తుతించి తింది. ఆ తర్వాత మా ఇంట్లో పెరుగన్నం మన్నా, అరటిపండు మన్నా, రాగిజావ మన్నా. నాకు నవ్వొచ్చేది. వంటింట్లోకి వెళ్ళి నవ్వుకుని, అక్కడే ఏడ్చుకుని వచ్చేదాన్ని.

అయితే తానున్నది పరలోకమని చెప్పాక ఆమె చుట్టూ చూడడం మొదలుపెట్టింది. పెచ్చులూడిన గోడ, ఇనప బీరువా, బట్టల తాడు. "ఇంత ఇరుగ్గా ఉంటుందనుకోలేదండీ" అంది ఒకసారి. నేను గది సర్దాను. మరి కొన్నాళ్ళకు ముద్ద చేత్తో పట్టుకుని ఆగిపోయింది. "మావారు కనబడరేమండీ? నాకంటే ముందే వచ్చేరు కదా."

పనిమీద వెళ్ళారండీ, వచ్చేస్తారు అన్నాను. రోజూ తలుపు వైపు చూసేది. నాన్నగారు రాలేదు. ఈ లోకంలోనే ఉన్నాననుకున్నప్పుడైతే ఆయన ఇక రారని ఆమెకు తెలుసు. పరలోకంలో కూడా ఎదురుచూపే అని ఆమెకు నేర్పింది నేను. తిండి మళ్ళీ తగ్గింది.

అన్నయ్య ఈ సంగతంతా విని, రాయి వల్లే వచ్చింది కాబట్టి రాయితోనే తీరుస్తానన్నాడు. తాపీమేస్త్రీని పిలిపించి అమ్మ పేరున్న వైపంతా సిమెంటు మెత్తించాడు. అది ఆరాక అమ్మను కారులో తీసుకెళ్ళి రాయి ముందు నిలబెట్టాడు. "చూడమ్మా, నీ పేరు లేదు. నువ్వు బతికే ఉన్నావు."

అమ్మ నాన్నగారి పేరు చదివింది. పక్కకు చూసింది. బూడిదరంగు పట్టీ. చేత్తో తడిమింది, పలక మీద తుడిచేసిన అక్షరం కోసం వెతికినట్టు.

"నా పేరు కూడా తీసేసేరాండీ?" అంది. అని, ఏడవడం మొదలుపెట్టింది. చనిపోయానని అనుకున్నన్నాళ్ళూ ఒక్కసారి కూడా ఏడవని మనిషి, గట్టు మీద వెళ్ళేవాళ్ళు ఆగి చూసేలా ఏడ్చింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అన్నయ్య కూడా ఏడ్చాడు. వాడిది చెడ్డ మనసు కాదు, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టి ఊరుకునేదాన్ని.

ఎండలు ముదిరేసరికి జబ్బు తన పని తాను చేసింది. పెట్టిన ముద్ద బుగ్గలోనే ఉండిపోయేది. నీళ్ళు పొలమారేవి. జ్వరం, ఆయాసం. రాజమండ్రి ఆస్పత్రిలో చేర్చాం. పాత డాక్టరే వచ్చి, ఊపిరితిత్తుల్లోకి అన్నం పోతోందని, ఈ జబ్బు చివరి దశలో ఇలాగే ఉంటుందని చెప్పాడు.

"గొట్టం పెడితే బతుకుతారా?" అని అన్నయ్య అడిగాడు.

"గొట్టం వల్ల ఆయుష్షు పెరుగుతుందని నేను చెప్పలేనండి. సుఖం కూడా ఉండదు. జ్వరానికి, ఆయాసానికి మందులిచ్చి, బాధ లేకుండా ఇంట్లోనే చూసుకోవచ్చు. ఆవిడ ఎప్పుడైనా ఏమైనా చెప్పేరా?"

"చెప్పింది" అన్నాను నేను. "వద్దంది. మా ముగ్గురి ముందూ చెప్పింది."

అన్నయ్య నేలచూపులు చూశాడు. చెల్లి ఒప్పుకోలేదు. "అప్పుడేదో అంది. ఇప్పుడు మనసు మారిందేమో, ఎవరికి తెలుసు" అంది. కన్నపిల్లలే ఎవరో తెలియని మనిషికి మనసు మారడం ఒకటి. "అక్కా, అన్నం పెట్టకుండా చంపేరంటారు. పిల్లల్లేరు కాబట్టి నీకు తెలీదు, తల్లి ఆకలితో పోతుంటే చూడ్డం" అని కూడా అంది. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఇప్పటికీ తీయలేదు.

"రేపు మంచం చుట్టూ ప్రార్థన పెడితే ఎముకలు కనబడతాయి. వచ్చినోళ్ళకి ఏం చెబుతాం" అన్నాడు అన్నయ్య. మళ్ళీ ఆ నలుగురే. అమ్మ భూస్థాపనను కళ్ళారా చూశామని చెప్పిన నలుగురు.

ముగ్గురూ ఒక మాట మీదకు రండని డాక్టరు అన్నాడు. వచ్చాం. ఇద్దరు ఒకవైపు ఉంటే దాన్ని ఒక మాట అంటారు. డాక్టరు ఇంకేమీ వాదించలేదు. "సరేనండి" అన్నాడు. ఆయన ఊరూ మా వైపే.

గొట్టం ముక్కులోంచి దించుతుంటే అమ్మ నర్సు చెయ్యి పట్టుకుంది. తర్వాత పీకేసింది. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పీకేసింది. చేతులు కట్టేయమన్నారు. మెత్తగా ఉంటుందని నేనే ఇంటి నుంచి ఆమె పాత నేతచీర చింపి తెచ్చాను. బడికి కట్టుకెళ్ళిన చీర, అంచు మీద సుద్దమరక ఇంకా పోలేదు. మంచానికి ఆ కమ్మీకి ఒక చెయ్యి, ఈ కమ్మీకి ఒక చెయ్యి. ఆమె నా వైపు చూసి, గొంతులో గొట్టం కదులుతుండగా, అంత బాధలోనూ మర్యాద తప్పకుండా అడిగింది.

"పోయేక కూడా వదలరాండీ?"

ఇంటికి తెచ్చాం. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం సిరంజితో పాలు, వడగట్టిన జావ గొట్టంలో పోసేదాన్ని. మన్నా అని చెప్పే పని లేకపోయింది, నోటితో సంబంధం లేదు కదా. చూడ్డానికి వచ్చినవాళ్ళు గొట్టాన్ని చూసి తృప్తిపడ్డారు. "ఎంత బాగా చూసుకుంటున్నారండీ" అన్నారు. ఆ మాట అన్నయ్యతోనే అన్నారు, వాడు ఆదివారాలు వచ్చేవాడు. కట్టిన చేతుల మీద దుప్పటి కప్పి ఉంచేవాళ్ళం. వేళ్ళు మాత్రం దుప్పటి కింద కదులుతూనే ఉండేవి, గుండ్రంగా, అక్షరాలు దిద్దుతున్నట్టు. అది నా భ్రమ కావచ్చు. ముక్కుపుటం పుండు పడడం భ్రమ కాదు, వీపు పుళ్ళు భ్రమ కాదు. ఎన్నోసార్లు ఆ గొట్టం లాగేద్దామనుకున్నాను. లాగలేదు. ఆ ఇద్దరి మీద ఎంత కోపమో నా మీద అంత కోపం, ఇంకా అలాగే ఉంది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం జావ పోస్తుండగా పోయింది. సిరంజిలో సగం మిగిలింది. ముందు గుడ్డలు విప్పాను. మణికట్టుల దగ్గర చీర నేత అచ్చు పడి ఉంది.

భూస్థాపన రోజు కుండపోత. చర్చి నిండలేదు, బయట ఎవరూ నిలబడలేదు. అయ్యగారు గోతిలోకి నీళ్ళు వస్తున్నాయని వాక్యం తొందరగా ముగించారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, వచ్చిన కొద్దిమందీ అమ్మ గొప్పతనం, అన్నయ్య సేవ చెప్పుకున్నారు. ఎవరూ ఏడవలేదు. అమ్మకు ముందుగా వినిపించిన భూస్థాపనే బాగుంది, అదొక్కటే ఆమెకు మేం చేసిన మేలు.

మళ్ళీ నవంబరు దగ్గరపడింది. సిమెంటు గీకితే పాత రాయి పెచ్చులు లేచింది. కొత్తది చేయించాలని అన్నయ్య నన్ను కారులో ఎక్కించుకుని జొన్నాడ కొట్టుకు తీసుకెళ్ళాడు. రాయి ఎంచాడు, అక్షరాల నమూనా ఎంచాడు. కాగితం మీద నాన్నగారి పేరు, అమ్మ పేరు రాయించాక, నా వైపు తిరిగి చాలా ప్రేమగా అన్నాడు.

"నీ పేరు కూడా కింద వేయించేద్దాం చెల్లీ. ఎలాగూ నువ్వూ అక్కడికేగా. ఒకే చేత్తో అయితే అక్షరాలు కలుస్తాయి."

వాడి మొహంలో ఎగతాళి లేదు. ఒంటరిదాన్ని, రేపు ఎవరు చూస్తారోనన్న బెంగ ఉంది. అందుకే అడగడానికి ఇదే సమయమనుకున్నాను.

"వేయించన్నయ్యా. ముందు ఒక మాట చెప్పనివ్వు. అమ్మకొచ్చిందే నాకూ వస్తే, గొట్టం పెట్టించకండి. చేతులు కట్టకండి. నోటరీ దగ్గర రాసిస్తాను, నువ్వు సాక్షి సంతకం పెట్టు."

అన్నయ్య మొహం పాలిపోయింది. "ఊరుకో. అలాంటి మాటలు నోట్లోంచి రాకూడదు. దేవుడున్నాడు" అన్నాడు.

అని, కొట్టతని వైపు తిరిగి నా పేరు చెప్పాడు. పుట్టిన సంవత్సరం తప్పు చెప్పాడు. నేను సరిచేశాను. కొట్టతను రాసుకుని, పక్కన చిన్న గీత పెట్టాడు.